‘ఆల్బుమిన్: నిల్’ అని రాసి పంపకండి – టైప్-1 షుగర్ ఉన్నవారి కిడ్నీలు, బీపీ గురించి ప్రకాశం, నెల్లూరు జిల్లాల వైద్యాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా వైద్య ఆరోగ్య అధికారులకు, ప్రభుత్వ ఆస్పత్రుల డాక్టర్లకు, పీహెచ్‌సీల నర్సులకు, ఏఎన్ఎంలకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, మందుల షాపుల యజమానులకు,

నమస్కారం. నడివేసవిలో కరెంటు పోయినా ఇన్సులిన్ సీసాలు పాడవకుండా ఐసు పెట్టి కాపాడే ఫార్మసిస్టులు మీలో ఉన్నారు. అర్ధరాత్రి స్పృహ తప్పిన పిల్లవాడికి గ్లూకోజు ఎక్కించి నిలబెట్టే నర్సులు ఉన్నారు. ఆ మేలు మరిచి ఈ ఉత్తరం రాయడం లేదు.

ఇందులోని సంగతులు ఇదివరకే అర్జీలుగా రాసి ఇచ్చాం. రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నాం. ఏ ఆస్పత్రి పేరూ, ఏ అధికారి పేరూ ఇందులో ఉండదు. లోపం ఒక మనిషిది కాదు. పరీక్షలు రాసే అలవాటులో ఉంది, రిపోర్టు అచ్చయ్యే కాగితంలో ఉంది, బీపీ మిషనుకు ఎప్పుడూ తగిలించి ఉండే ఒకే ఒక్క పట్టీలో ఉంది.

మేం చెప్పేది ఒక్కటే. టైప్-1 షుగర్ ఉన్నవారి కిడ్నీ దెబ్బతినడం మొదలైన తొలి ఏళ్లలో, అంటే దాన్ని ఇంకా ఆపగలిగిన ఏళ్లలో, మన ఆస్పత్రుల కాగితాల మీద ‘నార్మల్’ అనే వస్తోంది. అది నార్మల్ కాదు. ఎందుకు కాదో ముందు చెప్తాం, ఏం కావాలో తరవాత అడుగుతాం.

తెలియనివారి కోసం ఒక్కమాట. నడివయసులో వచ్చే షుగర్ (టైప్-2) వేరు, ఇది వేరు. టైప్-1లో మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. ఎక్కువగా పిల్లల్లో, పడుచువాళ్లలో మొదలవుతుంది. బిళ్లలతో లొంగదు, బతికినన్నాళ్లూ ఇన్సులిన్ వేసుకోవాలి. ఊరూరా ప్రభుత్వం చేసే షుగర్, బీపీ స్క్రీనింగు 30 ఏళ్లు దాటినవారికి. ఏడేళ్లకు ఈ జబ్బు వచ్చిన పిల్లకు ముప్ఫై నిండేసరికి జబ్బు వయసు 23 ఏళ్లు. టైప్-1లో కిడ్నీ జబ్బు ఎక్కువగా బయటపడేది షుగర్ మొదలైన 10 నుంచి 20 ఏళ్ల లోపు. అంటే ఆ స్క్రీనింగు ఈ పిల్ల దగ్గరికి వచ్చేలోపే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉండొచ్చు.

ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది

1. ‘ఆల్బుమిన్: నిల్’ అన్నది కిడ్నీ బాగుందని సర్టిఫికెట్ కాదు.

పీహెచ్‌సీలో మూత్రం సీసాలో పట్టీ ముంచి రంగు చూస్తారు. రంగు మారకపోతే ‘నిల్’ అని రాస్తారు. ఆ పట్టీకి చూపు తక్కువ. ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలో రోజుకు సుమారు 300 మిల్లీగ్రాములు పోతుంటే గానీ అది నమ్మకంగా రంగు మారదు. కిడ్నీ జబ్బు మొదలయ్యేది అంతకంటే ఎంతో ముందు. మూత్రంలో ఒక గ్రాము క్రియాటినిన్‌కు (కండరాల నుంచి వచ్చి కిడ్నీ ద్వారా బయటికి పోయే వ్యర్థం) 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే ప్రమాదం మొదలైనట్టు. 300 దాటితే జబ్బు ముదిరినట్టు. మందుతో, షుగర్ అదుపుతో వెనక్కి తిప్పడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఆ మధ్య మెట్టు మీదే. పట్టీ గుడ్డిగా ఉండేదీ సరిగ్గా అక్కడే.

దీన్ని పట్టే పరీక్ష పేరు యూఏసీఆర్. మూత్రంలో ఆల్బుమిన్‌నూ క్రియాటినిన్‌నూ కొలిచి ఒకదాన్ని రెండోదానితో భాగిస్తారు. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టి తేనక్కర్లేదు, ఒక్క చిన్న డబ్బా చాలు.

కొన్ని ల్యాబుల్లో ‘మైక్రో ఆల్బుమిన్’ అని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని మాత్రమే ఇస్తున్నారు, క్రియాటినిన్‌తో భాగించడం లేదు. ఇందులో ఎంత మోసం ఉందో లెక్క చూడండి. ఒకరి రిపోర్టులో లీటరుకు 18 మిల్లీగ్రాములు వచ్చింది, 20 లోపు కాబట్టి ‘నార్మల్’. కానీ ఆ మూత్రం పలచగా ఉంది, లీటరులో క్రియాటినిన్ 0.3 గ్రాములే. భాగిస్తే గ్రాముకు 60. అంటే జబ్బు మొదలైంది. ఇంకొకరికి లీటరుకు 35 వచ్చింది, ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు. ఆ మూత్రం చిక్కన, క్రియాటినిన్ లీటరుకు 2 గ్రాములు. భాగిస్తే 17.5, అంటే మామూలే. షుగర్ ఎక్కువున్నవారు నీళ్లు ఎక్కువ తాగుతారు, మూత్రం పలచబడుతుంది. అంటే ఎవరి షుగర్ అదుపు తప్పిందో వారి జబ్బే ఈ సగం పరీక్షలో దాక్కుంటుంది.

పట్టే పద్ధతి కూడా ముఖ్యం. పొద్దున లేవగానే పోసే మూత్రమైతే మంచిది. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో మంట ఉన్నప్పుడు, నెలసరి రోజుల్లో, ముందురోజు కబడ్డీ ఆడినా బస్తాలు మోసినా, షుగర్ బాగా ఎక్కువగా ఉన్నా ఆల్బుమిన్ తాత్కాలికంగా పెరుగుతుంది. అందుకే ఒక్క రిపోర్టు చూసి జబ్బని ముద్ర వేయకూడదు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేస్తే రెండుసార్లయినా ఎక్కువ రావాలి. ఒకసారి ఎక్కువ వచ్చిందని కాగితం చేతిలో పెట్టి పంపేసి, రెండోసారికి ఎప్పుడు రావాలో చెప్పకపోవడం కూడా మేం తరచూ చూస్తున్న లోపమే.

పెద్దవారికి టైప్-1 వచ్చిన ఐదేళ్ల తరవాత నుంచి ఏటా ఈ పరీక్ష చేయాలి. పిల్లలకు 11 ఏళ్లు వచ్చినా, యుక్తవయసు లక్షణాలు కనబడినా, జబ్బుకు రెండు నుంచి ఐదేళ్లు నిండితే మొదలుపెట్టాలి.

2. క్రియాటినిన్ ‘0.9 – నార్మల్’ అన్న అచ్చు పిల్లల విషయంలో అబద్ధం చెప్తోంది.

క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ తక్కువున్న ఒంట్లో అది తక్కువగానే ఉండాలి. ల్యాబు కాగితం మీద పక్కన అచ్చేసి ఉండే 0.6–1.2 పెద్దవారి కొలత. 130 సెంటీమీటర్ల పొడవున్న పిల్లవాడికి క్రియాటినిన్ 0.9 వచ్చిందనుకోండి. పిల్లలకు వాడే సూత్రం చాలా తేలిక: పొడవును సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగించాలి. 130 × 0.413 = 53.7. దాన్ని 0.9తో భాగిస్తే సుమారు 60. కిడ్నీ నిమిషానికి 90 మిల్లీలీటర్లకు పైగా వడగట్టాల్సిన చోట 60 దగ్గర ఉంది. కాగితం మాత్రం నార్మల్ అంటోంది. అదే పిల్లవాడికి క్రియాటినిన్ 0.5 ఉంటే లెక్క 107, అది నిజమైన నార్మల్.

పెద్దవారిలోనూ ఇంతే. 45 ఏళ్ల స్త్రీకి 1.2 వస్తే రిపోర్టులో ఎక్కువుందని చూపే లావు అక్షరాలు కూడా పడవు. 2021లో వచ్చిన సూత్రంతో లెక్కిస్తే ఆమె ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ నిమిషానికి వడగట్టే లెక్క, సుమారు 57. అరవై లోపు మూడు నెలలకు పైగా ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. టైప్-1 తొలి ఏళ్లలో షుగర్ ఎక్కువగా ఉంటే కిడ్నీ మామూలుకన్నా వేగంగా వడగడుతుంది. ఈజీఎఫ్ఆర్ 130, 140 వస్తుంది. దాన్ని చూసి కిడ్నీ బ్రహ్మాండంగా ఉందని చెప్పి పంపిస్తున్నారు. మడికి నీళ్లు వచ్చే తూము బార్లా తెరిచి, పోయే తూము సగం మూస్తే ఏమవుతుందో ఈ జిల్లాల రైతులకు చెప్పక్కర్లేదు, గట్టు తెగుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్న రక్తనాళాల గుత్తిలో జరిగేది అదే. ఈజీఎఫ్ఆర్ ఒక్కటే చూస్తే సరిపోదు, యూఏసీఆర్ పక్కన పెట్టి చూడాలనేది అందుకే.

3. బీపీ: ఒకే పట్టీ, ఒకే గీత.

టైప్-2లో చాలామందికి షుగర్‌తో పాటే, కొందరికి అంతకుముందే బీపీ ఉంటుంది. టైప్-1లో చాలాసార్లు కిడ్నీ దెబ్బతినడం మొదలయ్యాకే బీపీ లేస్తుంది. లేచిన బీపీ మళ్లీ వెళ్లి అదే కిడ్నీని కొడుతుంది. కాబట్టి పద్నాలుగేళ్ల పిల్లకు బీపీ చూడటం దండగ కాదు. ‘చిన్నపిల్లకు బీపీ ఏమిటమ్మా’ అనే మాట దయచేసి ఇక వినిపించకూడదు.

చూసేటప్పుడు రెండు తప్పులు జరుగుతున్నాయి. మొదటిది పట్టీ. పట్టీ లోపలి రబ్బరు సంచి వెడల్పు, జబ్బ చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. పొడవు 80 నుంచి 100 శాతం చుట్టుకోవాలి. పెద్దవారి సంచి 12–13 సెంటీమీటర్ల వెడల్పు. 18 సెంటీమీటర్ల సన్నటి జబ్బకు 7 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటే చాలు. పెద్ద పట్టీని సన్న జబ్బకు చుడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. బక్కపిల్లల బీపీ ఇలాగే దాక్కుంటోంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనబడుతుంది, అనవసరంగా మందు మొదలవుతుంది.

రెండోది గీత. 120/80 పెద్దవారికి ఫరవాలేదనే అంకె. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అది హై బీపీ కిందికి వస్తుంది. ఆ వయసులో 107/69 దగ్గరికి వస్తేనే వయసు, పొడవు, ఆడా మగా చూసి పూర్తి పట్టికలో సరిచూసుకోవాలి. 13 ఏళ్లు దాటాక లెక్క తేలిక: పై అంకె 120కి చేరితే కనిపెట్టుకుని ఉండాలి, 130/80 వస్తే హై బీపీ. పిల్లల్లో వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఎక్కువ వస్తేనే నిర్ధారించాలి. ఆటోమేటిక్ మిషనులో ఎక్కువ వస్తే చెవికి స్టెతస్కోపు పెట్టి చేత్తో చూసి రూఢి చేసుకోవాలి. టైప్-1 ఉన్న పెద్దవారికి లక్ష్యం 130/80 లోపు.

కొలిచే తీరు మీకు తెలియనిది కాదు, క్యూలో ఆగదంతే. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు ఉండకూడదు. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడించకూడదు. అరగంట ముందు టీ, కాఫీ, బీడీ ఉండకూడదు. మూత్రానికి వెళ్లి రమ్మనాలి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి. జబ్బు వచ్చి చాలా ఏళ్లయినవారికి నిలబడ్డాక కూడా చూడాలి. మూడు నిమిషాల్లో పై అంకె 20 పడిపోతే నరాలు దెబ్బతిని ఉండొచ్చు, అలాంటివారికి బీపీ మందు పెంచితే బాత్రూములో పడిపోతారు.

బస్సు దిగి, ఎండలో నడిచి వచ్చి, లైను కట్టి, నిలబడే చెయ్యి చాచినవారి అంకె ఆ రోజు కాగితం మీద దేనికీ పనికిరాదు.

ఉప్పు గురించి కూడా ఇక్కడే. రోజుకు ఒక మనిషికి 5 గ్రాముల లోపు ఉండాలి, అంటే చిన్న చెంచాడు. ‘ఉప్పు తగ్గించండి’ అని ఒక్కమాట అని పంపితే ఇంట్లో కూరలో తగ్గిస్తారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఎండుచేప, అప్పడం, మజ్జిగ మిరపకాయలు అలాగే ఉంటాయి. అసలు ఉప్పు వాటిలోనే ఉందని పేరుపెట్టి చెప్పాలి. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం కలుపుతారు. కిడ్నీ తగ్గినవారు, కింద చెప్పబోయే మందు వాడేవారు డాక్టరును అడగకుండా అది వాడితే పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. కిడ్నీ బాగా తగ్గినవారికి రోజూ కొబ్బరినీళ్లు తాగడం కూడా అందుకే మంచిది కాదు.

4. మందు ఉంది, చవకగా ఉంది, సరిగ్గా నడవడం లేదు.

ఎనాలాప్రిల్, రామిప్రిల్, లేదా లోసార్టాన్, టెల్మిసార్టాన్. వీటిలో ఏదో ఒకటి. ఇవి బీపీ తగ్గించడంతో ఆగవు. ఇందాకటి పోలికలో నీళ్లు పోయే తూమును తెరుస్తాయి, వడపోత గుత్తిలో ఒత్తిడి దింపుతాయి. 1993లోనే టైప్-1 ఉండి మూత్రంలో ప్రొటీన్ పోతున్న 409 మంది మీద క్యాప్టోప్రిల్ పరీక్షించారు. చనిపోవడం, డయాలసిస్, కిడ్నీ మార్పిడి – ఈ మూడూ కలిపి చూస్తే ముప్పు సగానికి తగ్గింది. బీపీ తగ్గడం వల్ల మాత్రమే వచ్చిన మేలు కాదని కూడా అందులోనే తేలింది. మూడు దశాబ్దాలు దాటిన సంగతి ఇది.

మొదలుపెట్టాక ఏం తప్పుతోందంటే: ఒత్తిడి తగ్గగానే వడపోత కొంచెం నెమ్మదిస్తుంది, క్రియాటినిన్ కాస్త పెరుగుతుంది. 1.0 ఉన్నది 1.3 దాకా, అంటే 30 శాతం దాకా పెరిగితే అది మందు పనిచేస్తున్న గుర్తు. దాన్ని చూసి ‘కిడ్నీకి పడలేదు’ అని మందు ఆపేస్తున్నారు. 30 శాతం దాటితేనో, పొటాషియం 5.5 దాటితేనో కారణం వెతకాలి. అందుకోసం మొదలుపెట్టిన రెండు వారాల్లో, మోతాదు పెంచినప్పుడల్లా క్రియాటినిన్, పొటాషియం చూడాలి. పొటాషియం పరీక్షే దగ్గర్లో లేకపోవడంతో కొందరు డాక్టర్లు మందు రాయడానికే జంకుతున్నారు. ఆ జంకు అర్థమవుతోంది. దాని ఫలితం మాత్రం రోగి మోస్తున్నాడు.

‘ప్రిల్’, ‘సార్టాన్’ రెండు రకాలూ కలిపి ఇవ్వకూడదు. పొడిదగ్గు వస్తే మానేయకుండా ‘ప్రిల్’ నుంచి ‘సార్టాన్’కు మారాలి. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ తగిలిన రోజుల్లో ఈ బీపీ బిళ్ల ఆపి, తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో కూడా ఇన్సులిన్ మాత్రం ఆపకూడదు. ‘అన్నం తినలేదు కదా, ఇన్సులిన్ వేయకండి’ అనే సలహా టైప్-1లో ప్రాణాలు తీస్తుంది.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. ఈ మందులు కడుపులో బిడ్డ కిడ్నీలను పాడుచేస్తాయి. గర్భం రాకముందే మార్చాలి. పెళ్లయిన అమ్మాయికి ఈ మందు రాసేటప్పుడు ఆ మాట అడగాలి, అదీ అత్తగారు పక్కన లేనప్పుడు. గర్భం అనుకునేముందే యూఏసీఆర్, ఈజీఎఫ్ఆర్, కంటి రెటీనా చూడాలి.

5. నొప్పి సూదులు, ఫ్లోరైడు నీళ్లు.

కనిగిరి చుట్టుపక్కల ఊళ్లలో ఫ్లోరైడు సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఒంట్లో చేరిన ఫ్లోరైడును బయటికి పంపేది కిడ్నీలే. కిడ్నీ మందగిస్తే అది ఎముకల్లో మరింత పేరుకుంటుంది. షుగర్ అదుపులో లేనివారు తాగే నీళ్లూ ఎక్కువే. కీళ్లు, నడుము పట్టేస్తాయి. నొప్పికి డైక్లోఫినాక్ సూది, ఎసిక్లోఫినాక్ బిళ్ల. గ్రానైటు పనికి, పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రి కాపలాకు వెళ్లేవారు ఒళ్లునొప్పులకు రోజూ మింగుతారు.

ఈ నొప్పి మందులు కిడ్నీకి నీళ్లు వచ్చే తూమును మూస్తాయి. బీపీ మందు పోయే తూమును తెరుస్తుంది. వాటికి తోడు మూత్రం ఎక్కువ పోయించే బిళ్ల కూడా ఉండి, ఎండలో చెమటోడ్చిన ఒళ్లయితే మడి ఎండిపోతుంది. కిడ్నీ నాలుగు రోజుల్లో చేతులెత్తేస్తుంది. పారాసిటమాల్‌తో సరిపెట్టగలిగిన చోట సూది వేయడం ఆగాలి. ఆర్‌ఎంపీలను తిట్టడానికి ఇది రాయడం లేదు. రాత్రి పది గంటలకు ఊళ్లో దొరికేది వారే. వారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

6. ‘షుగర్ తగ్గిపోయింది’ అన్న సంతోషం.

ఒంట్లో ఇన్సులిన్‌ను తొలగించేవాటిలో కిడ్నీ ఒకటి. కిడ్నీ దెబ్బతింటే వేసిన ఇన్సులిన్ ఎక్కువసేపు ఉండిపోతుంది. పదిహేనేళ్లుగా 40 యూనిట్లు వేసుకునే మనిషికి 30తోనే షుగర్ పడిపోతుంటే ఇంట్లోవారు దేవుడికి దండం పెట్టుకుంటారు. అప్పుడు చేయాల్సింది క్రియాటినిన్ పరీక్ష. మోతాదు తగ్గించకపోతే నిద్రలోనే షుగర్ పడిపోతుంది. పైగా కిడ్నీ జబ్బుతో రక్తం తగ్గితే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) అంకెను కూడా నమ్మలేం, గ్లూకోమీటరు మీదే ఆధారపడాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్లలు టైప్-2లో కిడ్నీని కాపాడతాయి. ఆ మంచిపేరు విని టైప్-1 వారు షాపులో అడిగి కొనుక్కుంటున్నారు. వీరిలో అవి కీటోన్లను (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలను) పెంచుతాయి, అదీ షుగర్ 250 లోపు ఉన్నప్పుడు కూడా. మీటరులో అంకె తక్కువుంది కదా అని క్యాజువాలిటీలో కీటోన్లు చూడకుండా ‘గ్యాస్ వాంతులు’ అని పంపేస్తే ప్రాణం పోతుంది.

7. ఇంటి మీద పడే బరువు.

డయాలసిస్ అంటే వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు. ఉదయగిరి, వెలిగండ్ల వైపు పల్లెల నుంచి కేంద్రం ఉన్న ఊరికి పోయిరావడంతో ఆ రోజు మొత్తం పోతుంది, తోడు వచ్చినవారి కూలీ కూడా పోతుంది. డయాలసిస్ దాకా వెళ్లినవారికి ప్రభుత్వం నెలకు రూ.10,000 పింఛను ఇస్తోంది, మంచిదే. ప్రైవేటు ల్యాబు ధరకు లెక్కగట్టినా, ఒకరి ఒక్క నెల పింఛను డబ్బుతో సుమారు ఇరవై మందికి యూఏసీఆర్ చేయించవచ్చు. టైప్-1లో ఇది పాతికేళ్లకు, ముప్ఫై ఏళ్లకు ముంచుకొస్తుంది. చిన్నపిల్లల తల్లులకు, అప్పుడే ఉద్యోగంలో చేరినవారికి.

షుగర్ అదుపు మాటేమిటి అంటారా? అది అన్నిటికన్నా ముందు. 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్-1 వారి మీద జరిగిన పరిశోధనలో, షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టిన గుంపులో మూత్రంలో ఆల్బుమిన్ కనబడటం మొదలవడం 39 శాతం, అది ముదరడం 54 శాతం తగ్గాయి. ఆ అదుపు రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చి చూసుకుంటేనే వస్తుంది. నెలకు 120 స్ట్రిప్పులు కావాలి. కూలీ ఇంట్లో అవి దొరకవు.

మేం అడుగుతున్నవి

1. రెండు జిల్లాల్లో ప్రతి ఏరియా ఆస్పత్రిలో, సీహెచ్‌సీలో వారానికి ఒక రోజైనా యూఏసీఆర్ చేయాలి. పీహెచ్‌సీల నుంచి మూత్రం డబ్బాలు ఐస్‌బాక్సులో అక్కడికి పంపవచ్చు. 2–8 డిగ్రీల్లో ఉంచితే నమూనా కొన్ని రోజులు నిలుస్తుంది. రోగి బస్సెక్కాల్సిన పనిలేదు. రిపోర్టు గ్రాముకు మిల్లీగ్రాముల్లోనే ఇవ్వాలి. ఉత్త ‘మైక్రో ఆల్బుమిన్’ ఆపాలి. టైప్-1 వారి కాగితం మీద పట్టీ పరీక్షతో ‘ఆల్బుమిన్: నిల్’ అని రాస్తే, పక్కనే ‘యూఏసీఆర్ చేయలేదు’ అని కూడా రాయాలి.

2. క్రియాటినిన్ రిపోర్టు ప్రతిదాని మీదా ఈజీఎఫ్ఆర్ అచ్చవ్వాలి. 18 ఏళ్ల లోపువారికి పొడవు రాయకుండా ల్యాబు నమూనా తీసుకోకూడదు. దీనికి కొత్త మిషను అక్కర్లేదు. కంప్యూటరులో ఒక గడి, లేదంటే బల్ల మీద అతికించిన ఒక పట్టిక చాలు. రేపే మొదలుపెట్టగలిగిన పని ఇది.

3. ప్రతి పీహెచ్‌సీలో, 104 వాహనంలో, బడిపిల్లలను పరీక్షించే బృందాల దగ్గర కనీసం మూడు కొలతల బీపీ పట్టీలు ఉండాలి: పిల్లలది, పెద్దలది, లావు చేతిది. పిల్లల బీపీ పట్టిక గోడ మీద తెలుగులో ఉండాలి. మిషన్లను ఏడాదికొకసారైనా సరిచూసిన తేదీ వాటి మీదే అతికించాలి. టైప్-1 ఉన్న ప్రతి ఒక్కరికీ వచ్చిన ప్రతిసారీ బీపీ చూడాలి.

4. టైప్-1 ఉన్నవారి జాబితా మండలాలవారీగా తయారుచేయాలి, వయసు పరిమితి లేకుండా. ప్రతివారికీ ఒక కార్డు ఇవ్వాలి: జబ్బు వచ్చిన ఏడు, ఏటా యూఏసీఆర్, ఈజీఎఫ్ఆర్, బీపీ, కంటి పరీక్ష తేదీలు. 2022లో కందుకూరు ప్రాంతం నెల్లూరు జిల్లాలోకి వెళ్లినప్పుడు ఫైలు ఒక జిల్లాలో, ఇల్లు ఒక జిల్లాలో అయినవారున్నారు. కార్డు ఎక్కడైనా చెల్లాలి. జాబితా మాత్రం బయటికి పొక్కకూడదు. సంబంధాలు చెడతాయని ఆడపిల్లల జబ్బును దాచుకుంటున్న ఇళ్లు చాలా ఉన్నాయి. గోప్యత లేకపోతే వారు అసలు పేరే రాయించరు.

5. ఎనాలాప్రిల్, టెల్మిసార్టాన్ నెల నెలా తప్పకుండా అందాలి. మొదలుపెట్టిన రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం పరీక్ష ఉచితంగా, దగ్గర్లో జరగాలి.

6. పెద్ద డాక్టరు దగ్గరికి ఎప్పుడు పంపాలో ఒక కాగితం మీద రాసి అన్ని పీహెచ్‌సీలకూ ఇవ్వాలి. ఈజీఎఫ్ఆర్ 30 లోపు పడినా, కొద్ది నెలల్లో వేగంగా తగ్గినా, మూత్రంలో రక్తం ఉన్నా, జబ్బు వచ్చి ఐదేళ్లు నిండకుండానే ప్రొటీన్ ఎక్కువ పోతున్నా, కంటి రెటీనా శుభ్రంగా ఉండి ఆల్బుమిన్ మాత్రం పోతున్నా పంపాలి. చివరి రెండిటిలో కిడ్నీ చెడటానికి షుగర్ కాక వేరే కారణం ఉండొచ్చు. ‘షుగర్ వల్లే’ అని ఊరుకోకూడదు.

7. మందుల షాపుల వారు, చీటీ లేకుండా డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, గ్లిఫ్లోజిన్ మందులు ఇవ్వకండి. ఇది చట్టం చెప్పేదే, మేం కొత్తగా కోరేది కాదు. ఇన్సులిన్ కొనే మనిషి నొప్పి బిళ్ల అడిగితే ‘కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించావు’ అని ఒక్క ప్రశ్న వేయండి. ఆర్‌ఎంపీలకు ఈ ఒక్క విషయం మీద మండలానికొక పూట అవగాహన సమావేశం పెట్టాలి.

8. 18 ఏళ్ల లోపు టైప్-1 పిల్లలందరికీ ఇన్సులిన్‌తో పాటు నెలకు 120 గ్లూకోజు స్ట్రిప్పులు, కీటోన్ పట్టీలు ఇవ్వాలి.

ఈ ఎనిమిదిలో ఏవి ఎప్పటిలోగా చేస్తారో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో, ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా తేదీలతో రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. రెండో డిమాండుకూ, మొదటి దానిలోని రిపోర్టు మాటకూ డబ్బు ఖర్చు లేదు. వాటికి వారం చాలు. ల్యాబు పట్టికలు, పిల్లల బీపీ పట్టిక, సిబ్బందికి పాఠం తెలుగులో తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధం. ఏ మండలానికి రమ్మన్నా మా ఖర్చుతో వస్తాం.

ఇట్లు,
టైప్-1 మధుమేహంతో ఉన్నవారు, ఆ పిల్లల తల్లిదండ్రులు,
వారికి సేవలందిస్తున్న నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు
ప్రకాశం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలు